తీగ చుట్టిన తీరు

పడకా వంటగదీ అన్నీ లోపలే ఉన్న ఇంటిబండి కదిలే ముందు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చెయ్యడం వెండెల్ పని. టైర్లు తట్టి చూస్తాడు, మెట్టు లోపలికి మడుస్తాడు, పైకప్పు మీద యాంటెనా దించిందీ లేనిదీ చూస్తాడు, గోడకి పెట్టిన కరెంటు తీగ పీకి, చుట్టి, బండి పక్కన అరలో పెడతాడు. పంతొమ్మిదేళ్లుగా అంతా నోటిలెక్కే. కాగితం మీద రాసుకుని టిక్కులు పెట్టుకునేవాళ్లని చూస్తే అతనికి నవ్వు. వీళ్లు స్నానానికి కూడా కాగితం చూసుకునే వెళ్తారు కాబోలు అనేవాడు.

మార్చిలో పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ మళ్లీ స్వాధీనంలోకి వచ్చాయి గానీ ఎడమవైపు చూపు కొంత పోయింది, కాస్త మతిమరుపు మిగిలింది. ఇక స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. దాంతో ముప్పై రెండడుగుల బండి అతని భార్య ఆర్లిస్ మెడకి చుట్టుకుంది. డెబ్బై ఒకటో ఏట, వేసవంతా చర్చి వెనక ఖాళీ స్థలంలో నేర్చుకుంది. రెండు చెత్తడబ్బాలు బలయ్యాయి, అంతకన్నా నష్టమేమీ జరగలేదు.

కూతురు డీనా మొదట్నించీ వద్దనే అంది. అయోవా నుంచి అరిజోనా, చలికాలం నాలుగు నెలలు, తోడెవరూ లేకుండా ముసలివాళ్లిద్దరూ! చివరికి ఒక షరతు పెట్టింది. మొదటిరోజు సాయంత్రం తను ఫోన్ చేస్తుంది. నాన్న ఏదైనా మరిచిపోయాడా అని అడుగుతుంది. అమ్మ నిజం చెప్పాలి. మరిచిపోయాడంటే మర్నాడే వెనక్కి. వెనక్కి వస్తే బండి అమ్మకానికేనని ముగ్గురికీ తెలుసు. ఆర్లిస్ మాటిచ్చింది.

బయల్దేరింది అక్టోబరులో ఒక మంగళవారం. ఫ్రిజ్జు చల్లబడాలని రెండ్రోజులుగా బండికి గరాజు గోడనుంచి కరెంటు పెట్టి ఉంచారు. వెండెల్ ప్రదక్షిణ ముగించి, సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, పోనియ్యమన్నాడు. ఆర్లిస్ ఎడమ అద్దంలోకి చూసింది. పసుప్పచ్చ తీగ గోడనుంచి బండి దాకా అలాగే వేలాడుతోంది.

చెబితే అతని మొహం ఎలా మాడిపోతుందో ఆమెకి తెలుసు. కళ్లద్దాలు ఇంట్లో మరిచానని చెప్పి దిగింది. తీగ పీకి, మోచేతికీ బొటనవేలికీ మధ్య గబగబా చుట్టి, అరలో పడేసి వచ్చి కూర్చుంది. దొరికాయా అని అడిగాడు. దొరికాయంది.

అక్కణ్నించి రెండువందల అరవై మైళ్లు తేలు కుట్టిన దొంగలా నడిపింది. నెబ్రాస్కాలోకి వచ్చిందగ్గర్నించీ ఎదురుగాలి. అతను మాత్రం పెళ్లికొడుకులా ఉన్నాడు. మ్యాపు ఒళ్లో పరుచుకుని, కోసేసిన మొక్కజొన్న చేలకేసి చూస్తూ, ఎవరి పంట ఎంత వచ్చుంటుందో లెక్క కడుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం ఆగినచోట గుడ్డు శాండ్‌విచ్ సగం తిని, మిగతాది కాగితంలో చుట్టేసింది. మొగుణ్ణి కాపాడానా, మొగుడి కళ్లుగప్పానా? సాయంత్రం కూతురితో ఏమని చెప్పను? ఎంత ఆలోచించినా తెగలేదు.

చీకటి పడకముందే చెరువుగట్టు మీద, ఇలాంటి బండ్లు రాత్రికి ఆగే పార్కుకి చేరారు. వెండెల్ వెనక నిలబడి చేతులతో సైగలు చేస్తుంటే ఆర్లిస్ బండిని రెండో ప్రయత్నానికే తమ చోట్లోకి వెనక్కి పెట్టింది. మడతకుర్చీల్లో కూర్చుని ఈ వేడుక చూస్తున్న ఇరుగుపొరుగు చప్పట్లు కొట్టారు. వెండెల్ మెట్టు దించి, కరెంటు పెడదామని అర తలుపు తీశాడు. తీసినవాడు అలాగే నిలబడిపోయాడు.

అతను తీగని ఎప్పుడూ నేలమీద పరిచి, ఎనిమిది అంకె వేసినట్టు చుడతాడు. మోచేతికి చుడితే మెలికలు పడి పాడవుతుందని పంతొమ్మిదేళ్లుగా పెళ్లానికి పాఠం చెబుతూనే ఉన్నాడు.

"ఇది నేను చుట్టింది కాదు," అన్నాడు.

"కాదు."

"గోడకే ఉండిపోయిందా?"

"ఉండిపోయింది."

"మరి కళ్లద్దాలు?"

"సంచిలోనే ఉన్నాయి."

వెండెల్ తీగ ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. అంతలో ఫోన్ మోగింది. ఆర్లిస్ దాన్ని సంచిలోంచి బయటికి తీసింది. అతను చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు.

"డీనా, నేను తీగ మరిచిపోయానమ్మా. మీ అమ్మ చూడకపోతే గరాజు గోడ కూడా మాతో అరిజోనా బయల్దేరేది."

డీనా, ఫోన్ అమ్మకివ్వమంది. మాటిచ్చావు కదమ్మా అంది.

"ఇచ్చాను," అంది ఆర్లిస్. "నిజం మీ నాన్నే చెప్పేశాడు. నాదీ విను. పొద్దున్న నేను భయపడింది తీగకి కాదు, ఆయనతో చెప్పడానికి. ఇకమీద మొహమ్మీదే చెబుతాను. నువ్వు వెనక్కి రమ్మన్నావు, నేను రానంటున్నాను. మాట తప్పానని నన్ను తిట్టు, ఆయన్ని కాదు."

డీనా తిట్టలేదు. ముక్కు చీదుకుని, రోజూ ఫోన్ చెయ్యమని చెప్పి పెట్టేసింది.

కాసేపటికి వెండెల్, కాగితం ఉందా అని అడిగాడు. ఆర్లిస్ సంచి అడుగున, బయల్దేరేముందు చూసుకోవలసినవన్నీ ఆగస్టులోనే ఆమె దొంగచాటుగా రాసుకున్న జాబితా ఉంది. దాన్ని తియ్యలేదు. కిరాణా సంచి ఒకటి చింపి, తెల్లగా ఉన్న వైపు తిప్పి, పెన్ను పట్టుకుని కూర్చుంది. అతను చెప్పుకుంటూ పోయాడు. తీగ మొదట. తర్వాత టైర్లు, యాంటెనా, గ్యాసు, నీళ్ల గొట్టం, అరల తలుపులు. ఇంకేమీ లేవన్నాడు.

"మెట్టు," అంది ఆర్లిస్.

వెండెల్ తను కూర్చున్న మెట్టు వంక చూసుకున్నాడు. తర్వాత ఆమె వంక చూశాడు.

"అవును, మెట్టు," అన్నాడు. "రాయి."