కూర్చోవద్దు మాత్రం

ఆకు రాలే కాలమంతా ఆదివారం పొద్దున్నే అడవి గేటు దగ్గర జనం పోగయ్యేవారు. వాళ్ళని కొండ మీద తిప్పి తీసుకురావడం పెద్దక్క ఉద్యోగం. ఊళ్ళో అందరికీ ఆవిడ పెద్దక్కే. ఏ చెట్టు ముందు ఎర్రబడుతుందో, ఏ పిట్ట చలికి వలసపోతుందో చూపించేది. బయల్దేరే ముందు ఒకటే చెప్పేది:

"చూడండి, వినండి, వాసన పీల్చండి. కూర్చోవద్దు మాత్రం. వేళ్ళు పడతాయి."

ఎవరూ వింతపడేవారు కాదు. ఫొటోల కోసం ఎక్కువసేపు నిలబడ్డవాళ్ళ పాదాలకి తెల్లటి పీచువేళ్ళు వస్తే, కత్తెర తీసి గోళ్ళు కత్తిరించినట్టు కత్తిరించేది.

"ఇంట్లో ఒక్క పూట కాలు నిలవదు ఈయనకి, ఇక్కడ చూడండి!" అని ఓ ఆదివారం ఒక ఇల్లాలు మొగుణ్ణి ఎత్తిపొడిస్తే అందరూ నవ్వారు.

ఆ రోజు పెద్దక్క తన చెల్లెల్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. వానాకాలంలో చెల్లెలి కూతురు జ్వరంతో పోయింది. అప్పట్నుంచీ ఆమె కంట నీటిచుక్క లేదు, నోట మాట లేదు. చెట్టూ పుట్టా చూస్తే గుండె బరువు తగ్గుతుందని అక్కే బలవంతం చేసింది.

కొండ దిగి చూస్తే చెల్లెలు లేదు. పెద్దక్క చెల్లెలి మొగుడికి, అదే తన మరిదికి, ఫోను చేసి, మళ్ళీ పైకి పరిగెత్తింది. మలుపు దగ్గర, రాలిన ఆకుల్లో కూర్చునుంది చెల్లెలు. అప్పటికే పిక్కల దాకా బెరడు కట్టేసింది.

పెద్దక్క వంగి ఒక వేరు కత్తిరించింది. నెత్తురు చిమ్మింది. చెల్లెలు కెవ్వుమంది. బిడ్డ పోయాక ఆ గొంతు వినడం అదే మొదలు.

"వద్దక్కా. ఇంటికెళ్తే దాని మంచం చూడాలి."

"మంచం తీసేయిస్తానే. లేవే తల్లీ."

"గోడ మీద దాని చేతి గుర్తులో?"

పెద్దక్క చేతిలోంచి కత్తెర జారిపోయింది. అక్కడే కాలు మార్చి కాలు వేస్తూ, చెల్లెలి తల నిమురుతూ ఉండిపోయింది.

మరిది వచ్చేసరికి పొద్దు వాలింది. బెరడు మెడ దాకా వచ్చింది. భార్య అతన్ని చూసి, పాత రోజుల్లోలాగే అడిగింది:

"ఇంటికి తాళం వేశావా?"

"వేశాను."

"తిని పడుకో."

ఆ తర్వాత ఆమె పెదవులు మూసుకుపోయాయి.

అతను చెప్పులు విడిచి పక్కన నిలబడ్డాడు. పెద్దక్క రెక్క పట్టుకుని లాగింది.

"నడవయ్యా."

"నన్నూ ఉండనీ వదినా."

"నడవమంటున్నానా!"

ఈడ్చుకుంటూ కిందికి దించింది. సగం దారిలో అతనడిగాడు:

"పాపని ఇక్కడే పాతిపెట్టి ఉంటే బావుండేది కదా వదినా?"

ఆవిడ పట్టిన రెక్క వదలకుండా, ఒట్టి కాళ్ళతో ఉన్న ఆ మనిషిని గేటు దాకా నడిపించింది.