మద్రాసు నుంచి దిగివచ్చిన ప్రశ్న

ఆ శనివారం మధ్యాహ్నం నేనూ మా అత్త హన్నమ్మా వసారాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాం. మా ఆయన ఏసోబు ఆఫీసు నుంచి వచ్చి, సైకిలు గోడకు ఆనించి, చంకలోని కాగితాలు చాప మీద పెట్టారు. "చేతులు కడుక్కో. రాయాల్సింది ఉంది. సోమవారం తపాలాకి పోవాల" అన్నారు. మిరపకాయలు తీసిన చేతుల మంట ఒకసారి కడిగితే పోదు. మజ్జిగ రుద్దుకోవాలి, నూనె రాసుకోవాలి, ఆ జిడ్డు కాగితానికి అంటకుండా మళ్లీ శీకాయతో కడగాలి. నేను ఇదంతా చేస్తున్నంతసేపూ ఆయన "ఎంతసేపే" అంటూనే ఉన్నారు.

అది 1947 ఫిబ్రవరి. నాకు ఐదో నెల. మాచర్ల నుంచి గురజాల పోయే దారికి కాస్త లోపలగా ఉంటుంది మా ఊరు. ఊరి పేరూ, ఆయన గుమాస్తాగా చేసిన ఆఫీసు పేరూ ఇక్కడ రాయను. ఆ ఆఫీసులో ఉన్న ఒక్క టైపు మిషనూ ఎప్పుడూ రిపేరులోనే ఉండేది. అందుకని పై ఆఫీసులకు పోయే కాగితాలు మా ఇంటికి వచ్చేవి. నేను మిషను బోర్డింగులో ఉండి ఎనిమిదో తరగతి దాకా చదివాను. అక్కడి దొరసాని పంక్తికి పంక్తి దిద్దించిన ఇంగ్లీషు రాత నాది. పెళ్లయిన నాలుగేళ్లలో ఎన్ని రిపోర్టులు శుభ్రంగా ఎత్తిరాశానో లెక్క లేదు. ఒకసారి క్యాంపుకు వచ్చిన ఆఫీసరు మా వసారాలో కుర్చీలో కూర్చుని, "మీ ఆయన చేతిరాత మా ఆఫీసుకే అందం, అమ్మా" అన్నాడు. నేను మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. మా ఆయన నేల చూశారు. ఆ ఆఫీసరు వెళ్లాక నేను ఏమీ అనకముందే, "ఆడదాని చేత ఆఫీసు కాగితాలు రాయించానని ఎట్టా చెప్పేది?" అన్నారు. ఇక మా అత్త సంగతి. పొలం పనిలో నడుము వంగిపోయిన మనిషి. "కూకోని గీసేది గూడా ఒక పనేనా" అనేది. నేను అటు కూలికి పోనిదాన్ని, ఇటు జీతం తేనిదాన్ని. రాత్రి వంట ఆలస్యమైతే ఆ రాత కారణమని ఎవరికీ గుర్తుండేది కాదు.

ఆ రోజు కాగితం తీసి చూస్తే అది ఎప్పుడూ వచ్చే రకం కాదు. పైన ఒక పేరు, పేరుకు ముందు శ్రీమతి అని ఉంది. కింద ఇంగ్లీషులో మూడు ప్రశ్నలు. (ఎ) ఫలానా ఊరి ఆసుపత్రిలో మిడ్‌వైఫు ఉద్యోగం పద్నాలుగు నెలలుగా ఖాళీగా ఉన్న సంగతి ప్రభుత్వానికి తెలుసునా? (బి) ఆ కాలంలో ఆ చుట్టుపక్కల కాన్పులో చనిపోయిన స్త్రీలు ఎందరు? (సి) ఆ ఖాళీని ఎప్పటిలోగా పూరిస్తారు? ఆ ఫలానా ఊరు మా ఊరే. మా ఊరి పేరు అచ్చు అక్షరాల్లో చూడడం నాకు అదే మొదలు.

"ఎవరు ఈమె?" అని అడిగాను.

"అసెంబ్లీ మెంబరు. యుద్ధం రోజుల్లో సభే లేదుగదా, గవర్నరు రాజ్యం. పోయినేడు ఓట్లయినాక మళ్లీ మంత్రులొచ్చినారు. మెంబర్లు ఇట్టా ముందుగా రాసిస్తారు. ఫలానా తేదీన మంత్రి సభలో లేచి జవాబు చెప్పి తీరాల. ఆయన సెక్రటరీని అడుగుతాడు, సెక్రటరీ కింది ఆఫీసులను, వాళ్లు జిల్లాను, జిల్లా మమ్మల్ని."

"మీరు నన్ను" అన్నాను.

ఆయన నవ్వలేదు. "తొందరగా కానీ" అన్నారు.

ఆమెకు ఈ సంగతి ఎలా తెలిసిందో ఊళ్లో అందరికీ తెలుసు. మా వీధి చివర పున్నయ్య భార్య గురవమ్మ దీపావళి ముందు కాన్పులో పోయింది. పున్నయ్యకు చదువు లేదు. బడి పంతులు చేత ఒక కార్డు రాయించి మద్రాసు పంపాడు. అసెంబ్లీలో ఆడమనిషి ఉందని ఎవరో చెబితే ఆమె పేరునే పంపాడు. ఆ కార్డు ఆమె చదివిందన్న మాట. చదివి పక్కన పడేయలేదు. ఎప్పుడూ చూడని మా ఊరి కోసం కూర్చుని (ఎ), (బి), (సి) అని రాసింది. ఆ కాగితం మీద ఆమె పేరును నేను రెండుసార్లు వేలితో తడిమాను. మంత్రి దగ్గర మొదలై ఒక్కో మెట్టూ దిగి మా చాప మీదికి వచ్చిన ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన వాళ్లు ఆ మెట్లన్నిటిలో ఎవరూ లేరు. తెలిసిన మనిషి నా పక్కనే కూర్చుని తొడిమలు తీస్తున్నది.

ఆఫీసరు చెప్పి రాయించిన జవాబు చిత్తు కాగితం మీద ఉంది. నేను ఎత్తిరాయడం మొదలుపెట్టాను. (ఎ) ఉద్యోగం ఖాళీగా లేదు. వేరొక ఆసుపత్రి మిడ్‌వైఫు ఈ పని అదనంగా చూస్తున్నది. (బి) కాన్పు మరణాల గురించి ఫిర్యాదులు లేవు. ఈ ప్రాంతపు స్త్రీలు ఆసుపత్రికి రావడానికి ఇష్టపడక, ఊరి మంత్రసానులనే కోరి పిలుచుకుంటారు. ఆ 'కోరి' అన్న మాట దగ్గర నా కలం ఆగింది. సిరా చుక్క పడకుండా కలాన్ని పక్కకు జరిపాను.

"ఏందే, ఆగిపోయినావు?" అన్నది మా అత్త.

ఎందుకు చెప్పానో తెలియదు. నాలుగేళ్లలో ఆమె ఏ కాగితంలో ఏముందని అడగలేదు, నేను చెప్పలేదు. ఆ రోజు ప్రశ్నా జవాబూ రెండూ తెలుగులో చదివి వినిపించాను.

మా అత్త చేతిలోని మిరపకాయ కింద పెట్టింది. "మంత్రసాని అంటే ఎవురు? నేనేగదా?"

"నీ పేరు లేదు లేమ్మా" అన్నారు మా ఆయన.

"పేరు లేకపోతే మాత్రం, నా గురించేగదరా. కోరి పిలుచుకున్నారంటనా నన్ను? గురవమ్మ నెప్పులతో లేచి ఆసుపత్రికి నడిచిపోయింది. ఎండెక్కిందాకా ఆ అరుగు మీద కూకున్నది. గదికి తాళం. అదనంగా చూసే ఆమె సంతకం పెట్టను నెలకోమాటు వస్తే వచ్చినట్టు. ఇంకెవురూ లేక నా కాడికి తెచ్చినారు. బిడ్డ అడ్డంగా ఉన్నది. నాకు చేతనైంది చేశా. చేతగానిది గూడా చేశా. బిడ్డ బతికింది. తల్లికి నెత్తురు ఆగలా. గుడ్డలు తెచ్చి తెచ్చి ఇంట్లో గుడ్డలన్నీ అయిపోయినయ్యి."

ఆమె ఆ సంగతి అంత వివరంగా చెప్పడం అదే మొదటిసారి. గురవమ్మ పోయిన రోజు ఇంటికి వచ్చి చేతులు కడుక్కుని, జొన్నన్నం పెట్టమని అడిగి, తినకుండా లేచిపోయింది. వంట బాగాలేక లేచిందనుకుని నేను లోలోపల కోపం తెచ్చుకున్నాను. ఆమెను ఎవరైనా పిలిస్తే పలుగు అక్కడే వదిలి పోయేది. ఎవరూ ఏమీ ఇచ్చేవాళ్లు కాదు, ఆమె అడిగేదీ కాదు. నా రాత ఎలా కనబడని పనో, ఆమె చేతుల పనీ అలాంటిదేనని, ఒకే కప్పు కింద నాలుగేళ్లు ఉండి కూడా నేను ఆలోచించలేదు.

"అమ్మా, ఇది ఆఫీసు కాగితం. ఆఫీసరు చెప్పింది రాయకపోతే నా ఉద్యోగం ఏమవుద్దో నీకు తెలవదు" అన్నారు మా ఆయన.

మా అత్త నా వైపు చూసింది, ఆయన వైపు కాదు. "ఒరేయ్ ఏసోబూ, ఇంకో నాలుగైదు నెలలకు దీనికి గూడా నేనే పురుడు పొయ్యాల. గురవమ్మ పోయిన కాడ్నుంచి నా చేతులు వణుకుతున్నయ్యి. ఎవురికీ చెప్పలా. నాకు భయంగా ఉన్నదిరా" అన్నది.

మా ఇంట్లో భయం అన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు.  నేను కలం మూత పెట్టి, "ఇది నేను రాయను" అన్నాను. గట్టిగా అనలేదు. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆయన ఆ కాగితం లాక్కుని తానే రాయబోయారు. రెండు పంక్తులు పైకి కిందికి పోయాయి. చించేసి సైకిలు తీసుకుని బయటికి వెళ్లిపోయారు.

మరునాడు ఆదివారం. మిషను గుడిలో పున్నయ్య మా ఆయనకు ముందు వరసలో, ఆ తల్లి లేని పిల్లను భుజాన వేసుకుని కూర్చున్నాడు. ఆరాధన జరుగుతున్నంతసేపూ ఆ పిల్ల భుజం మీదుగా మా ఆయననే చూసింది. ఇంటికి వచ్చాక ఆయనే అడిగారు, "అయితే ఏం రాద్దామంటావు?" అని. నాలుగేళ్లలో ఆయన నన్ను ఆ మాట అడగడం అదే మొదలు.

"తేదీలు రాద్దాం" అన్నాను. "పాత మిడ్‌వైఫు బదిలీ అయిన తేదీ. ఇంచార్జి ఆమె వచ్చి సంతకం పెట్టిన తేదీలు. చావుల రిజిస్టరులో కాన్పు చావులు ఎన్ని ఉంటే అన్ని. మన మాట ఒక్కటీ వద్దు. మీ ఆఫీసరు గారితో ఒకటి చెప్పండి. ఆ మెంబరు దగ్గర పున్నయ్య కార్డు ఉంది. ఫిర్యాదు లేదని మనం రాస్తే, మంత్రి సభలో అదే చదువుతాడు. ఆమె లేచి కార్డు చూపిస్తే మంత్రి ఎవరిని అడుగుతాడు?"

 ఆయన సైకిలు వేసుకుని ఆసుపత్రి కాంపౌండరు ఇంటికీ, కరణం ఇంటికీ పోయి రిజిస్టర్ల నుంచి తేదీలు రాసుకొచ్చారు. పద్నాలుగు నెలల్లో ఇంచార్జి సంతకాలు తొమ్మిది. కాన్పు చావులు ఐదు. ఐదో పేరు గురవమ్మది. నేను ఒక్క కొట్టివేత లేకుండా రాశాను.

సోమవారం సాయంత్రం ఆయన వచ్చేదాకా నేనూ మా అత్తా గడపలోనే ఉన్నాం. ఆఫీసరు చదివి మొదట కాగితం బల్ల మీద విసిరాడట. కార్డు మాట చెప్పాక మళ్లీ తీసి చదివాడట. తపాలా కట్ట కడుతుండగా సంతకం పెట్టాడట. "ఉద్యోగం పోయిందనే అనుకున్నా" అన్నారు మా ఆయన. ఆ భయంతోనే ఆ మాట చెప్పి వచ్చినందుకు ఆ సాయంత్రం ఆయన మీద నాకు కలిగిన ప్రేమ పెళ్లి నాటిది కాదు, కొత్తది.

ఏప్రిల్లో మాచర్ల నుంచి ఆయన పాత పేపరు ఒకటి తెచ్చారు. సభా విశేషాల్లో చిన్న అక్షరాల్లో మా ఊరు ఉంది. ఉద్యోగం పద్నాలుగు నెలలుగా ఖాళీగా ఉన్న మాట నిజమేనని, చావులు ఐదని, జూన్‌లోగా మనిషిని వేస్తామని మంత్రి చెప్పాడు. నేను మా అత్తకు చదివి వినిపించాను. "మళ్లీ చదువు" అన్నది. మూడుసార్లు చదివించుకుని, పున్నయ్యను పిలిపించి నాలుగోసారి చదివించింది.  అతను పిల్లను ఎత్తుకుని చాలాసేపు మా అరుగు మీద కూర్చుని వెళ్లాడు.

జూన్ మూడో వారంలో షంషాద్ అనే మిడ్‌వైఫు వచ్చింది. మా అత్త మొదటిరోజే పోయి ఆమె పెట్టె తెరిపించి, అందులోని సామానంతా ఒక్కొక్కటీ ఇదేంది, ఇది దేనికి అని అడిగి వచ్చింది. జూలైలో నా కూతురు షంషాద్ చేతుల్లో పుట్టింది. మా అత్త నా తల వైపు కూర్చుని, పని లేని చేతులు ఒళ్లో పెట్టుకుని, ప్రార్థన చేసుకుంటూ ఉంది. అయిపోయాక షంషాద్ చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను పుట్టినప్పటి నుంచి దేవునికి చెప్పిన స్తోత్రాలన్నీ ఒక ఎత్తు, ఆ పూట మద్రాసులోని ఆ పేరుకు, పున్నయ్యకు, షంషాద్‌కు, మా అత్తకు మనసులో చెప్పుకున్నవి ఒక ఎత్తు.

ఆ మెంబరుకు కృతజ్ఞతలు చెబుతూ ఒక కార్డు రాశాను. నా పేరు పెట్టుకుని నేను రాసిన మొదటి కాగితం అదే.

పాపకు ఏడాది నిండాక ఒక మధ్యాహ్నం మా అత్త దాన్ని ఒళ్లో వేసుకుని ఆడిస్తూ ఉన్నట్టుండి అడిగింది. "దయామణీ, అట్టా కాయితం మీద రాసి అడిగితే జవాబు చెప్పి తీరాలంటగదా. ఇంట్లో వాళ్లను గూడా అట్టా అడగొచ్చా?"

"ఎవరిని అడగాలి అత్తా?"

"నన్నడుగుతావేంది. నీకేం కావాలో నాకు తెలవదనుకున్నావా? ఆ ట్రైనింగు కాయితం బియ్యపు డబ్బాలో ఎన్నాళ్లు దాస్తావు?"

గుంటూరులో టీచరు ట్రైనింగుకు రమ్మని మా పాత దొరసాని పంపిన ఉత్తరం అది. వచ్చి మూడు వారాలైంది. ఆయనతో నోటితో చెప్పబోయిన ప్రతిసారీ పప్పు మాడడమో, పాప ఏడవడమో, ఆయనకు ఆఫీసు తొందరో అడ్డొచ్చేది. ఆ సాయంత్రం ఒక తెల్ల కాగితం తీసుకుని, ఏ ఆఫీసుకూ రాయనంత శ్రద్ధగా రాశాను. (ఎ) నన్ను రెండేళ్లు గుంటూరు ట్రైనింగుకు పంపడానికి మీకు అభ్యంతరం ఉన్నదా? (బి) ఉంటే కారణాలు ఏవి? (సి) నేను లేని రెండేళ్లూ ఈ ఇంటి పని ఎవరు చేస్తారు? ఆయన చొక్కా జేబులో పెట్టి, జవాబు రాసి ఇవ్వమన్నాను.

ఆయన రెండు రోజులు ఆ మాటే ఎత్తలేదు. మూడో రోజు ఆఫీసుకు పోతూ అదే కాగితం నా చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా సైకిలెక్కారు. కింద ఆయన చేతిరాత, పైకీ కిందికీ పోయే పంక్తులు. (ఎ) లేదు. (బి) ఆ ప్రశ్న తలెత్తదు. (సి)కి జవాబు మూడుసార్లు రాసి కొట్టేసి, చివరికి ఒక్క మాట మిగిల్చారు.

నేర్చుకుంటాను.