గుండ్రంగా పడిన గీత

"ఈ గొంతెవరిది?"

టీవీ ముందు కూర్చున్న పెద్దాయన కేకకి వంటింట్లోంచి కూతురు పరుగెత్తుకొచ్చింది.

పెద్దాయన రిటైరైన సౌండ్ ఇంజనీరు. టీవీలో నడుస్తున్న ఆ పాత సినిమాలో కథానాయికకి డబ్బింగ్ చెప్పింది ఆయన భార్య. నిరుడు పోయింది. మిగతా సినిమాల్లో ఆవిడ చెప్పినవన్నీ గుంపులో కేకలే. ఇంట్లో ఎవరైనా వీడియో తీయబోతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. గొంతంటూ మిగిలింది ఈ ఒక్క సినిమాలోనే.

కూతురు ఫోన్‌లో వెతికింది. "ఆన్‌లైన్‌లో పెట్టేముందు ఎవరో కొత్తమ్మాయితో మళ్ళీ డబ్బింగ్ చెప్పించారట నాన్నా. పాత సౌండు పాడైందట."

"పాడవడమేంటి? నేను రికార్డు చేసింది!"

ఎక్కడో ఒక సీన్లోనైనా పాత గొంతు వదిలేసి ఉంటారని చివరిదాకా చూశాడు. నమ్మకం కుదరక మళ్ళీ మొదటినుంచి చూశాడు. ఒక్క మాట లేదు. అప్పుడు తట్టింది.

"డీవీడీ ఉందిగా!"

"టీ గ్లాసుల కింద పెట్టుకుందామన్నానే, ఆ బిళ్ళలేనా?"

"నవ్వు తల్లీ, నవ్వు. ఆ ఆన్‌లైన్‌వాళ్ళు దీన్నెలా మారుస్తారో నేనూ చూస్తా."

స్టూలెక్కి అటక మీది పెట్టె దించాడు. డిస్క్ దొరికింది. దాని నిండా సన్నటి ఇసకలాంటి దుమ్ము. ఆయన తన వయసంతా గ్రామఫోన్ రికార్డులు తుడిచిన మనిషి. మెత్తటి గుడ్డ తీసుకుని, అలవాటైన ఒడుపుతో, అదిమి పట్టి గుండ్రంగా తిప్పాడు. డీవీడీని మధ్యలోంచి అంచుకి తిన్నగా తుడవాలి. ఆ సంగతి ఆయనకి తెలుసు. చేతులకి తెలీదు.

ప్లేయర్ తిరిగింది. పేర్లు పడ్డాయి. కథానాయిక తలుపు తీసింది. "ఎవ..."

అంతే. బొమ్మ గడులు గడులుగా విరిగి ఆగిపోయింది.

ఊళ్ళో డీవీడీలు బాగుచేసేవాడు ఒక్కడే మిగిలాడు. అందరూ డిస్క్ డాక్టర్ అంటారు. ఇప్పుడు వాడి బతుకుతెరువు ఫోన్ల రిపేరు. డిస్కుని దీపం కింద తిప్పి చూసి పెదవి విరిచాడు.

"గీత అడ్డంగా పడుంటే మిషన్ దాటేస్తుంది సార్. ఇది ట్రాక్ వెంబడే దిగింది. ఎవడు సార్ ఇలా తుడిచింది?"

పెద్దాయన తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది.

డిస్క్ డాక్టర్ పాలిష్ పట్టాడు. పట్టాక, లోపల డిస్కే లేదంది ప్లేయర్.

"ఇంకెక్కడైనా దొరుకుతుందా బాబూ?"

"నా దగ్గరే గోతాల్లో ఉండేవి సార్. అడిగే దిక్కులేక మొన్న తుక్కులో పడేశా."

బస్టాపులో కూతురు ఆయన పక్కన కూర్చుంది. "పోనీ నాన్నా. కళ్ళు మూసుకో. అమ్మ నిన్ను 'ఏవండీ' అని పిలిచేదిగా, అది గుర్తు తెచ్చుకో. దాన్నెవడూ మార్చలేడు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తడి చేతులు తుడుచుకుంటూ భార్య గుమ్మంలోకి వచ్చింది. అదే చీర, అదే నడక. ఆయన వైపు చూసి పిలిచింది.

పిలిచింది ఆ కొత్తమ్మాయి గొంతుతో.

మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అదే గొంతు.

"వినపడిందా నాన్నా?" ఆశగా అడిగింది కూతురు.

"ఆఁ," అన్నాడు కళ్ళు తెరవకుండా.