అతుకు కనిపించని నాలుగు సెకన్లు

వసుమతి అమెరికాలో, హాలీవుడ్ పక్కనున్న బర్‌బాంక్‌లో ఒక చిన్న ఫిల్మ్ ల్యాబ్‌లో పనిచేసేది. విడివిడిగా తీసిన రెండు దృశ్యాలను కలిపి ఒకటిగా ముద్రించడం ఆమె పని. భర్త కృష్ణమోహన్ మాత్రం తెలిసినవాళ్లతో "ఫోటోలు కడిగేచోట" అనేవాడు.

ఎనభై నాలుగులో వాళ్ల ల్యాబ్‌కి ఒక టీవీ సినిమా వచ్చింది. వెనకటి ఒక పేరున్న సినిమా కథనే మళ్లీ తీస్తున్నారు. కవల అక్కచెల్లెళ్లలో ఒకతె హంతకురాలు. ఎవరో పోలీసులకు తేలదు. ఇద్దరుగానూ ఒకే నటి. పాతకాలంలో అయితే తెరను నిలువునా రెండు చేసి చెరో పక్కన నిలబెట్టేవారు. ఈ దర్శకుడు అక్క చెయ్యి చాచి చెల్లెలి భుజం మీద వేయాలన్నాడు.

మొదటిసారి ముద్రించి చూస్తే ఆ చేతి అంచు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. సూపర్‌వైజర్ ఫ్రాంక్ పెదవి విరిచి, ఆ షాట్ తీసేయమని చెబుదామన్నాడు. వసుమతి మూడు రోజుల గడువు అడిగింది.

నాలుగు సెకన్లంటే తొంభై ఆరు ఫ్రేములు. ఒక్కొక్కదాన్నీ కాగితం మీదికి ప్రొజెక్ట్ చేసి, చేతి చుట్టూ గీత గీసి, లోపల నల్లసిరా నింపాలి. ఆ నల్లటి ఆకారమే రెండో దృశ్యంలో చేతికి చోటు మిగులుస్తుంది. దేనికది కొత్తగా గీయడం వల్లే వణుకు వస్తోందని ఆమెకు రెండో రోజు తట్టింది. అప్పటినుంచి కింద దీపం పెట్టి, ముందు బొమ్మ మీద తర్వాతి కాగితం పరిచి, ఆ గీతను ఆనవాలుగా పట్టుకుని, చెయ్యి కదిలినంత మేరే జరిపి గీసింది. మూడో రోజు సాయంత్రం ఫ్రాంక్ ఆ షాట్ నాలుగుసార్లు వేయించుకుని చూశాడు. షాట్ ఖాయం చేసే కాగితం మీద సంతకం పెట్టాడు.

సినిమా టీవీలో వచ్చిన రోజు వాళ్లింట్లో భోజనాలకు నాలుగు కుటుంబాలు చేరాయి. ఆ దృశ్యం రాగానే ఇంజనీరు శ్యామ్‌సుందర్ తేల్చేశాడు.

"వీళ్లు రియల్ ట్విన్సే. టచ్ చేసింది కదండీ, అది ఫేక్ చేయలేరు."

వసుమతి అతని కంచంలో పప్పు వడ్డించింది. కృష్ణమోహన్ కంచం కింద పెట్టాడు.

"ఒక్కతేనండీ. ఆ చెయ్యి కలిపింది మా ఆవిడ," అన్నాడు.

రికార్డు చేస్తున్న వీడియో టేపు వెనక్కి తిప్పి మళ్లీ చూశారు. శ్యామ్‌సుందర్ టీవీకి జానెడు దూరంలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. అతుకు ఎక్కడుందో ఎవరికీ దొరకలేదు. చెప్పమని అందరూ ఆమె వైపు తిరిగారు. వసుమతి గరిటె పక్కన పెట్టి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మీరే వెతకండి," అంది, కుర్చీ లాక్కుని వాళ్ల మధ్య కూర్చుంటూ.