కుట్టు వెంట

కత్తెర మడమ దగ్గర మొదలై మోకాలు దాటేసరికి, బండి మీంచి పడ్డ మనిషి రెండో కాలితో ప్యాంటు కోస్తున్నవాడి రొమ్ము మీద తన్నాడు.

"కొత్త ప్యాంటురా! నీ చేతులు పడిపోను!"

అతను విరిగిన ఎముక కదలకుండా పక్క కుట్టు వెంటే పైకి పోయాడు. అత్యవసర విభాగంలో ఇరవై ఏళ్లుగా అతని పని ఇదే, ఒంటి మీది బట్టలు కోయడం. అందరూ కత్తెరా అనే పిలుస్తారు. దర్జీ అయిన తండ్రి నేర్పినట్టు అతను గుడ్డను తెంపడు, కుట్టును విప్పుతాడు. తర్వాత మళ్లీ కుట్టించుకోవచ్చని. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. చొక్కాలు పాడుచేశాడని ఫిర్యాదులు మాత్రం రెండొచ్చాయి. మూడోది వస్తే ఇంటికేనన్నాడు సూపరింటెండెంటు.

పొద్దున భార్య అన్నం గిన్నె చేతికిస్తూ, "ఇవాళైనా సిస్టర్ చెప్పందే ఎవరి గుండీ ముట్టుకోకు. నీ కత్తెర మన నోట్లో మన్ను కొట్టేలా ఉంది" అంది.

పదకొండింటికి ఒక సిమెంటు కొట్టు యజమాని భార్యతో నడిచి వచ్చాడు. ఛాతీ కింద మంట. "గ్యాసే. త్వరగా చూడండి, అవతల లారీ వచ్చింది" అని అందరి మీదా ఎగిరాడు.

"నడిచొచ్చాడుగా, కూర్చోమను" అంది సిస్టర్, తలెత్తకుండా.

కత్తెర చూశాడు. ఫ్యాను నెత్తి మీదే తిరుగుతున్నా ఆ మనిషి పైపెదవి మీద చెమట పూసలు కట్టింది. ముఖం తడిసిన బూడిదలా ఉంది. బొటనవేలితో ఎడమ దవడ నొక్కుకుంటున్నాడు. అన్నిటికంటే, అరవడం మానేశాడు. అరిచేవాడికి ఇంకా ఊపిరుందని లెక్క.

"సిస్టరమ్మా, ఇతన్ని ముందు చూడాలి."

"నువ్వెప్పుడు డాక్టరువయ్యావు? నీ పని కోత, నా పని రాత. పో!"

అక్కడో పద్ధతుంది. కత్తెర పడ్డ ఒంటిని బెంచీ మీద ఉంచకూడదు. వెంటనే బల్ల ఇవ్వాలి, ఈసీజీ తీయాలి. అతను కాసేపు అన్నం గిన్నె వంక చూశాడు. తర్వాత బెంచీ ముందు మోకాళ్లూని, నీలం చొక్కా అంచులోకి కత్తెర పోనిచ్చాడు.

"నిన్ననే కొన్నాం, వెధవా!" భార్య చేతిసంచితో అతని వీపు మీద బాదింది. ఆ మనిషి కూడా తిట్టబోయాడు, మాట సగంలోనే ఆగిపోయింది.

బల్ల మీదికి చేర్చారు. కత్తెరను తిట్టడానికి వచ్చిన డాక్టరు ఈసీజీ కాగితం చూసి గొంతు తగ్గించాడు. "గుండెపోటు. షాక్ మిషన్ లాగండి." అంతలోనే ఆ మనిషి కళ్లు తేలేశాడు. తెర మీద గీత పిచ్చిగా వణికింది. రెండో షాకుకు గుండె దారిలో పడింది.

"అడ్డం తప్పుకోవయ్యా" అన్నాడు డాక్టరు కత్తెరతో.

మధ్యాహ్నం సూపరింటెండెంటు బల్ల మీద కొట్టు యజమాని భార్య రాసిచ్చిన ఫిర్యాదు కాగితం ఉంది.

"మనిషి బతికాడు కదండీ" అన్నాడు కత్తెర.

"బతికించింది డాక్టరు. చించింది నువ్వు. కత్తెర ఇక్కడ పెట్టి వెళ్లు."

అతను కత్తెరను చొక్కా కొసతో తుడిచి పెట్టాడు. మూత తీయని గిన్నె పట్టుకుని గేటు దాటాడు. సిస్టర్ తలెత్తలేదు.

చెత్తబుట్ట అంచున నీలం చొక్కా వేలాడుతోంది. కింది అంచు నుంచి చంక దాకా, చంక నుంచి మణికట్టు దాకా కుట్టు విడిపోయి ఉంది. గుడ్డలో మాత్రం ఒక్క పోగూ తెగలేదు.