అవే సంగతులు

కరెంటు పోతుందేమోనని పొద్దుటి నుంచీ కాంతారావు గుండె పీచుపీచుమంటూనే ఉంది.

నాటకాల వాళ్లకి కరెంటు పోవడం కొత్తా పాడా? దీపాలు ఆరిపోయినా, మైకు మూగబోయినా పద్యం ఆపకుండా ఒట్టి గొంతుతో పాడేసి, ఆ ఒక్క పద్యం గొప్ప చెప్పుకుని పదేళ్లు వెలిగిన నటులున్నారు. జనానికి కూడా అదే సరదా. చీకట్లో కిక్కురుమనకుండా కూర్చుని వింటారు. పద్యం మధ్యలో నోరు మూసినవాళ్లని మాత్రం ఆ ఊరు మళ్లీ పిలవదు. అందరికీ పండగైన ఆ చీకటే కాంతారావుకి చావు. ఎందుకంటే కాంతారావుకి చెవులు వినపడవు.

నలభై ఏళ్లుగా హార్మోనియం వాయిస్తున్న మనిషి! చేపల వేట మానేసి పెట్టె పట్టుకున్నాడని గిలకలదిండిలో అన్నదమ్ములు నవ్వితే, కృష్ణా జిల్లాలో తన పెట్టె లేనిదే నాటకం లేదనిపించుకున్న మనిషి. మూడేళ్ల కిందట చెవుల్లో ఈల మొదలైంది. ఆ ఈల తగ్గేసరికి దాంతోపాటు లోకమూ తగ్గిపోయింది. నరం దెబ్బతింది, ఇక రాదు అన్నాడు బందరు డాక్టరు. చెవికి మిషను పెట్టుకుంటే నలుగురూ చూస్తారు. చూస్తే కాంట్రాక్టరు అంకమ్మరావు ఇంకో హార్మోనిస్టుని తెచ్చుకుంటాడు. దయ లేకగాదు, నాటకం నడవాలిగా. ఆ మాటకొస్తే అంకమ్మరావు స్థానంలో తనున్నా అంతే చేస్తాడు. పెట్టె లేకపోతే కాంతారావు అనేవాడు ఏమిటో కాంతారావుకే తెలియదు. అందుకే ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో భార్య కృపమ్మకి తప్ప.

మరి ఎలా వాయిస్తున్నాడు? కళ్లతో. స్టేజీ పక్కన కూర్చుని, పెట్టె చెక్కకి మోకాలు ఆనించి శ్రుతి అదురు చూసుకుంటాడు. పాడేవాళ్ల పెదవులూ, గొంతు దగ్గర నరమూ చూసి మెట్ల మీద వేళ్లు నడుపుతాడు. రాణి వేషం కట్టే సుగుణ అయితే మరీ హాయి. సాగదీసే చోటల్లా ఆ పిల్ల ఇతని వైపుకే తిరిగి పాడుతుంది. పైగా ఈమధ్య దానికి బద్ధకం పట్టుకుంది. పద్యం చివర రాగం తీస్తూ గొంతుతో తిప్పే మెలికల్ని సంగతులంటారు. ఒకప్పుడు సుగుణ ఏ రోజు సంగతులు ఆ రోజే పుట్టించేది, పెట్టె మీద వాటిని పట్టుకోవడానికి కాంతారావుకి చెమటలు పట్టేవి. ఇప్పుడు ఏ ఊళ్లో పాడినా అవే సంగతులు, అదే వరసలో. మొన్న చల్లపల్లిలో తనే దెప్పాడు కూడా.

"ఏంటే అమ్మాయ్, రోజూ ఆ సద్దికూడే వడ్డిస్తావా?"

"వయసైపోతోంది బాబాయ్," అని నవ్వేసింది. ముప్పై ఆరేళ్లకి వయసైపోవడమేమిటో! లోపల మాత్రం దాని బద్ధకానికి దండం పెట్టుకున్నాడు.

పందొమ్మిది వందల తొంభై ఎనిమిది, ఆ రోజు గుడివాడలో పరిషత్తు నాటక పోటీలు. సాయంత్రం ఆరున్నరకి తెర లేచింది. ఏడున్నరకి రాణి అడవిలో బిడ్డని వెతుక్కునే సీను వచ్చింది. సుగుణ జుట్టు విరబోసుకుని పద్యం ఎత్తుకుంది. మొదటి పాదం అయింది, రెండోదీ అయింది. మూడో పాదం సగంలో ఉండగా పోయింది కరెంటు.

కాంతారావు కళ్ల ముందు నుంచి సుగుణ మాయమైంది. పెదవుల్లేవు, గొంతు లేదు. లోకంలో అతనికి మిగిలింది మోకాలి కింద చెక్క అదురు ఒక్కటే. ఆపేద్దామా? ఆపితే, హార్మోనియం ఎందుకు ఆగిందిరా అని అందరూ వచ్చి అడుగుతారు. వాయిస్తే, ఆమె ఒకటి పాడుతుంటే తను ఇంకొకటి వాయిస్తాడు, వెయ్యిమంది ముందు ఆడపిల్ల పద్యం పాడైపోతుంది. వేళ్లు మాత్రం అతని మాట వినలేదు. అలవాటైన దారిన అవి నడిచిపోతూనే ఉన్నాయి. నాలుగో పాదం, ఆ పైన రాగం, మొదటి సంగతి, రెండోది. సుగుణ ఎక్కడుందో, అసలు పాడుతోందో లేదో కూడా తెలియదు. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుందామంటే మొక్కు గుర్తుకు రాలేదు. చివరి మెట్టు మీద వేలు ఆన్చి, కళ్లు మూసుకుని ఉండిపోయాడు.

కళ్లు తెరిచేసరికి జనరేటరు వేశారు. జనం లేచి నిలబడి ఉన్నారు, నోళ్లు బార్లా తెరిచి అరుస్తున్నారు. అది మెచ్చుకోలో తిట్లో అతనికి తెలిసే దారి లేదు. పారిపోదామా అని లేవబోయాడు. అప్పుడు ముందు వరసలో ఒక ముసలాయన పెదవులు కనిపించాయి. వన్స్ మోర్. పక్కనామె పెదవులూ అవే. స్టేజీ మీద సుగుణ, రాగం ముగించినప్పుడల్లా ఎత్తినట్టే, చెయ్యెత్తి నిలబడి ఉంది. తన వేలు ఆగిన చోటే ఆ పిల్ల గొంతూ ఆగిందని ఆ చెయ్యి చెప్పింది.

నాటకం అయ్యాక న్యాయనిర్ణేత సూర్యప్రకాశరావుగారు తెర వెనక్కి వచ్చారు. రిటైరైన తెలుగు మాస్టారు, మొహమాటం లేని మనిషి. రంగు తుడుచుకుంటున్న సుగుణ ఎదుట నిలబడి ఆయన అంటున్న మాటల్ని కాంతారావు పెట్టె పక్క నుంచి పెదవుల మీద చదువుకున్నాడు.

"గొంతు బంగారమమ్మా. కానీ బహుమతి నీకివ్వలేను. రెండేళ్ల నుంచి వింటున్నాను, అవే సంగతులు, ఒక్క మెలిక కూడా మారదు. ఎందుకమ్మా? భయమా, బద్ధకమా?"

"బద్ధకమేనండి," అంది సుగుణ, తల వంచుకుని.

రెండేళ్లు. రెండేళ్ల కిందటే కదా మోపిదేవిలో సుగుణ ఒక కొత్త సంగతి వేస్తే తన పెట్టె ఎటో వెళ్లిపోయింది! మెట్టు పట్టేసిందని ఆరోజు అబద్ధమాడాడు. "పెట్టె బాగుచేయించుకో బాబాయ్," అంది సుగుణ. ఆ మర్నాటి నుంచే కొత్త సంగతులు మానేసింది. ఆ మర్నాటి నుంచే అతని వైపు తిరిగి పాడడం మొదలుపెట్టింది. తనకోసమని ఒక్కనాడూ తెలియనివ్వలేదు. తను మాత్రం సద్దికూడన్నాడు.

సిగ్గుతో కాంతారావు ఒళ్లంతా మండిపోయింది. వెళ్లి మాస్టారి మోచెయ్యి పట్టుకుని, ఎవరికీ వినపడకుండా, ఆయనకి మాత్రమే అనుకుంటూ చెప్పాడు.

"దాని తప్పు కాదండీ. నాకు చెవులు వినపడవు. నేను వాయించలేనని అది కొత్త సంగతులు పాడడం మానేసింది."

ఎంత గట్టిగా అన్నాడో అతనికి తెలియలేదు. మీసం ఊడదీస్తున్న రాజు వేషగాడు ఆగిపోయాడు. గుమ్మంలో టీ గ్లాసు పట్టుకున్న అంకమ్మరావు ఆగిపోయాడు. అందరి మొహాలూ తన వైపు తిరగడం చూశాక గాని, అందరికీ వినపడిందని అర్థం కాలేదు. మూడేళ్లుగా దేనికి భయపడ్డాడో అది అయిపోయింది.

సుగుణ ఎదురుగా వచ్చి, అతనికి కనపడేలా మెల్లగా అడిగింది.

"ఎందుకు చెప్పావు బాబాయ్?"

"రేపటి నుంచి నీ ఇష్టమొచ్చినట్టు పాడు," అన్నాడు కాంతారావు. "నాకెలాగూ వినపడదు గదా."