టైటానియం మీద ప్రార్థన నూనె

మా అమ్మ రోసమ్మ కాలిలో డాక్టర్లు వేసిన రాడ్డును చీము పట్టిందని మళ్ళీ వాళ్ళే తీసేశారు. ఎముక ఆ రాడ్డును పట్టుకోలేదు, సందులో క్రిములు చేరాయి. అప్పటి నుంచి అమ్మ కుంటుతోంది. ల్యాబులో నా పోరాటమంతా ఆ చీముతోనే.

ఎముకల్లో వేసే పిన్నులు టైటానియంతో చేస్తాం. అది మరీ నున్నగా ఉంటే ఎముక దానికి సరిగా అతుక్కోదు. అందుకని దాన్ని యాసిడ్‌లో ముంచి, కరెంటు ఇచ్చి, పైన కంటికి కనపడని రంధ్రాలు పుట్టిస్తాం. ఎముక వాటిని పట్టుకుని పెరుగుతుంది. క్రిములు చేరకుండా ఆ రంధ్రాల్లోనే మందు నింపుతాం. ఇక ఆ తర్వాత దానికి వేలిముద్ర కూడా తగలకూడదు.

సోమవారం పొద్దున యాప్రాల్ దగ్గరి జంతువుల ల్యాబులో పరీక్ష. ఆ తేదీ కోసం ఎంతమందిని బతిమాలామో! ఆదివారం మా ల్యాబుకు తాళం. అందుకే పిన్నుల డబ్బా ముందే మెట్టుగూడలోని మా ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టాను. "ముట్టకమ్మా, ఇవి మనుషుల కాళ్ళల్ల వేసేటియి" అన్నాను. ఆ మాటే కొంప ముంచింది.

ఆదివారం బజారు నుంచి వచ్చేసరికి డబ్బా మూత తీసి ఉంది. ప్రతి పిన్నుకూ ప్రార్థన నూనె రాసి ఉంది.

"ఏందమ్మా ఇది! బుద్ధున్నదా నీకు?"

"గట్ల ఒర్రకు క్యారల్. ఎవరి కాళ్ళల్ల పడ్తయో ఏమో, నా లెక్క తక్లీఫ్ పడొద్దని ఒక్కొక్కదానికి ప్రార్థన చేసిన. నా రాడ్డుకు ఎవ్వరు చెయ్యలే."

నూనె రంధ్రాలను పూడ్చేస్తుంది. కడిగితే మందు పోతుంది. పైకి తుడిచి పంపిస్తే ఎవరికీ తెలియదు, నిజమే. కానీ ఎముక పట్టదు, ఈ పద్ధతే పనికిరాదని మూసేస్తారు. మా ల్యాబు పెద్ద రఘునాథ్ సార్‌కు ఫోన్ చేసి చెప్పేశాను. ఆయన నన్ను చెడామడా తిట్టి పరీక్ష రద్దు చేశారు. మళ్ళీ తేదీ ఎప్పుడో దేవుడికే తెలియాలన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

"సార్ ఏమన్నడు బిడ్డా?"

"రేపు పరీక్ష లేదు. ముందుగాల కుందేళ్ళ కాళ్ళల్ల పెట్టి చూడాలె. మనుషులకు ఇంకా ఏండ్లు పడ్తది."

"కుందేళ్ళ కాళ్ళు కోస్తరా?"

"మరి తెలిసేదెట్లమ్మా?"

అమ్మ తన కాలు నిమురుకుంటూ కూర్చుంది.

"అయితే రేపు కొయ్యరు గదా?"

"కొయ్యరు."

"దేవునికి స్తోత్రం" అంది. నా ఒళ్ళు మండిపోయింది. ఏదో అనబోతుంటే చెయ్యి పట్టుకుంది. "మళ్ళ తేదీ దొరికినంక చెప్పు బిడ్డా. నీ డబ్బా ముట్ట. గా కుందేళ్ళకు ప్రార్థన చేస్త."